వంచిన చోట అయస్కాంతం

మైక్రోస్కోప్ మీదికి వంగి కూర్చున్న మనిషి ఇక లేవలేదు.

మెటీరియల్స్ ల్యాబ్‌లో అందరూ ఆయన పనిలో మునిగిపోయాడనే అనుకున్నారు. ఆయన అలవాటే అంత. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది. ఇంకోటి తెచ్చి పెట్టారు. అదీ మీగడ కట్టాక ఎవరికో అనుమానం వచ్చి భుజం తట్టారు. అంతే, లోహాల నాణ్యత చూసే ఆ ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క. కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. దాన్ని విప్పితే లోపల రెండు స్టీల్ బద్దలు కనిపించాయి. రెండూ సగానికి మడిచి వంచి ఉన్నాయి. ఒకదాని మీద 304 అనీ, రెండోదాని మీద 316 అనీ స్టీల్ గ్రేడ్ మార్కర్‌తో రాసి ఉంది.

అరగంట తిరగకుండానే ఊరి రెండో కొసన ఒక వంటింట్లో ఫోన్ మోగింది.

"గిన్నెలు తోమారా?" అవతలి గొంతు.

"తోమాం. మరక పోలేదు," అంది ఆమె.

"అయితే వెంటనే రా."

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను పాదరసం అంటారు. ఎవరి చేతికీ చిక్కదని ఆ పేరు. గూఢచారి కాకముందు మెటలర్జీ చదివింది. చదువైతే అటకెక్కింది కానీ, ఏ గేటు చూసినా ఏ గరిటె చూసినా ఇది ఏ గ్రేడో అని మనసులో ఒక లెక్క వేసుకునే జబ్బు మాత్రం వదల్లేదు. కుడి చెవి కమ్మలో బియ్యపు గింజంత అయస్కాంతం. హ్యాండ్‌బ్యాగ్‌లో చూడ్డానికి అచ్చం హెయిర్ డ్రయ్యర్‌లా ఉండే ఎక్స్-రే ఎనలైజర్. దాన్ని ఏ లోహానికి గురిపెట్టినా అందులో ఏమేం ఉన్నాయో చెప్పేస్తుంది.

బ్రీఫింగ్ రూంలో పెద్దాయన ఆ రెండు బద్దల్నీ టేబుల్ మీద పెట్టి ఆమె వైపు నెట్టాడు. చీఫ్ అనే హోదా ఒకటి ఉన్నా ఆయన్ని అందరూ పెద్దాయనే అంటారు.

"ఇవి పట్టుకుని పోయిన ఇన్‌స్పెక్టర్ పరీక్షించేది డైవర్ల సామానే. కోబాల్ట్ ముఠా ఓడరేవు ముఖద్వారంలో మైన్ పెట్టింది. కొత్త మోడల్."

"తెలుసు సార్. దాన్ని విప్పడానికి దిగేది మా తమ్ముడే."

"అందుకే ఈ కేసుకి నిన్ను పిలవకూడదనుకున్నా. కానీ లోహాల సంగతి తెలిసిన ఏజెంటు నా దగ్గర ఇంకొకరు లేరు." పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది అయస్కాంతపు మైన్. ఇనుములాంటిది దగ్గరికొస్తే పేలుతుంది. ఆ మోడల్‌ని విప్పగలిగిన డైవర్ వాడొక్కడే. విప్పితే దాని గుట్టు మనకి తెలిసిపోతుంది, ముఠా దగ్గరున్న మైన్లన్నీ బొమ్మల కింద లెక్క. కాబట్టి వాళ్లకి కావలసింది ఓడలు కాదు. నీ తమ్ముడు."

అమ్మా నాన్నా పోయాక వాణ్ని ఎత్తుకు పెంచింది తనే. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిందీ తనే. డైవర్ అవుతానంటే నెత్తీ నోరూ కొట్టుకుని, ఆఖరికి ఒప్పుకున్నదీ తనే. ఇంట్లో వాడి పేరు చిన్నోడు. ఆరడుగులు ఎదిగినా ఆమె నోట్లో ఆ పేరే నానింది.

"ఎప్పుడు దిగుతున్నాడు?"

"ఈ మధ్యాహ్నమే. పోటుకీ పాటుకీ మధ్య నీళ్లు కదలకుండా ఉండే కాసేపట్లో."

* * *

డైవింగ్ స్టోర్‌లోకి ఆమె ఫైర్ సేఫ్టీ ఆఫీసర్‌లా వెళ్లింది. ఖాకీ చొక్కా, టోపీ, మెడలో విజిల్. ఫైర్ వాళ్లకి హెయిర్ డ్రయ్యర్ ఎందుకని ఒక్కరూ అడగలేదు. యూనిఫాంలో ఉన్న మనిషిని ఎవరైనా ఏమైనా అడగ్గా మీరెప్పుడైనా చూశారా?

స్టోర్ కీపర్ అరలన్నీ తిప్పి చూపించాడు. సిలిండర్లు, బెల్టులు, పట్టీలు. గోడకి వరసగా బ్యాక్ ప్లేట్లు వేలాడుతున్నాయి. డైవర్ వీపుకి సిలిండర్‌ని బిగించేది ఆ ప్లేటే. వెన్నుపూస కూర్చోవడానికి దాన్ని మధ్యలో నిలువునా లోతుగా మడుస్తారు. ప్రతి ప్లేటు మీదా 316 అని పంచ్ కొట్టి ఉంది.

ఆమె పొగ కొలుస్తున్నట్టు నటిస్తూ ఎనలైజర్‌ని ఒక ప్లేటుకి ఆనించింది. స్క్రీన్ మీద అంకెలొచ్చాయి. క్రోమియం ఉంది. నికెల్ ఉంది, కాస్త తక్కువే. 316లో ఉండాల్సిన మాలిబ్డినం జాడే లేదు. ఇంకో ప్లేటు చూసింది, అదీ అంతే. అవన్నీ 316 ముసుగు వేసుకున్న 304 ప్లేట్లు.

"ఇవి ఎప్పుడొచ్చాయి?"

"మొన్న మేడమ్. పాతవి అరిగిపోయాయని ల్యాబ్ వాళ్లు కండెమ్ చేశారు. ఇవాళ దిగే అబ్బాయి ఇందాకే ఒకటి తీసుకెళ్లాడు. భలే నిగనిగలాడుతోందని మురిసిపోయాడు కూడా."

ఆమె ముఖం చెదరనివ్వలేదు.

"టెస్ట్ చేసే తీసుకున్నారా?"

"అయ్యో, చెయ్యకుండానా! అయస్కాంతం పెట్టి చూశాకే. అంటలేదు. రేకు చదునుగా ఉన్నప్పుడే, వంచే ప్రెస్‌లోకి వెళ్లకముందే చూసేస్తాం. ముద్ర వేసేస్తాం. తరవాత దాన్ని వంచుతారు, రంధ్రాలు కొడతారు, ఇక్కడికి పంపుతారు."

"వంచాక మళ్లీ చూడరా?"

స్టోర్ కీపర్ నవ్వేశాడు. "వంచితే రేకు వేరే రేకైపోతుందా మేడమ్? నేను చేరినప్పటి నించీ పద్ధతి ఇదే."

ఆమె బయటికొచ్చి పెద్దాయనకి ఫోన్ చేసింది. ప్లేట్లన్నీ 304వి సార్, దొంగ ముద్ర వేశారు, డైవ్ ఆపించండి అని గబగబా చెప్పింది. లైన్లోనే ఉండమని ఆయన ఇంకో ఫోన్ ఎత్తాడు.

"ల్యాబ్‌లో మన నెమలిని అడిగాను," అన్నాడు పెద్దాయన ఆఖరికి. "రెండూ స్టెయిన్‌లెస్సే, రెండింటికీ అయస్కాంతం అంటదు అంటోంది. తేడా అల్లా ఉప్పునీళ్లలోనేనట. 316లో మాలిబ్డినం ఉంది కాబట్టి తట్టుకుంటుంది. 304కి చిల్లులు పడతాయి, కానీ అందుకు నెలలు పడుతుంది. ఒక్క డైవ్‌కి ప్రమాదమేమీ లేదంటోంది."

"సార్, అంతోటి దానికి ఒక మనిషిని చంపుతారా?"

"ఆధారం పట్రా, ఆపుతా. బోటు బయల్దేరిపోయింది. రేడియో ఆన్ చెయ్యకూడదు, ఇంజన్ మోగకూడదు, ఆ మైన్‌కి చెవులు కూడా ఉన్నాయి. ఉత్త అనుమానం మీద ఈ పోటు వదులుకుంటే రేపు ఓడలు పేలతాయి. నా మాట అర్థం చేసుకో అమ్మాయ్."

* * *

నెమలి ఆ ల్యాబ్‌కి డైరెక్టర్. పైకి అంతే. నిజానికి కోబాల్ట్ ముఠాలో చొరబడి అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేసే మన డబుల్ ఏజెంట్. మెడకు నెమలికంఠం రంగు సిల్క్ స్కార్ఫ్, నల్లకళ్లద్దాలు, నడిచొస్తుంటే సెంటు వాసన ముందొచ్చి తలుపు తీస్తుంది. కాలేజీలో పాదరసానికి బెంచ్ మేట్. ఒకే టిఫిన్ బాక్స్‌లో తిన్న స్నేహం వాళ్లది.

"ఏమే, ముఖం అలా పీక్కుపోయిందేంటి?" అంది నెమలి ఆప్యాయంగా. "చిన్నోడి గురించేనా? వాడికేం కాదు. కూర్చో. ఏవీ, ఆ బద్దలు ఇలా ఇయ్యి, టెస్ట్ చేయిస్తా."

ల్యాబ్ వెనక భాగంలో పరీక్ష గదులున్నాయి. ఆ మాటా ఈ మాటా చెబుతూ నెమలి ఆమెను అటే నడిపించింది. అక్కడ తెల్లటి పొగమంచు నిండిన గాజు గది ఒకటుంది. లోపల రాత్రింబవళ్లూ ఉప్పునీటి తుంపర కొడుతూ, ఏ లోహం ఎన్నాళ్లు నిలుస్తుందో చూస్తారు.

పాదరసం బద్దల్ని చేతిలోనే ఉంచుకుంది. బరువు ఒకటే, రంగు ఒకటే, మెరుపు ఒకటే. కవల పిల్లల్లా ఉన్నాయి. మరి ఆ మనిషి వీటిని వంచి ఎందుకు పట్టుకున్నాడు? టెస్ట్ చెయ్యాలంటే చదును బద్ద చాలుగా? చావబోతూ పిడికిట్లో దాచుకున్నాడంటే...

ఆలోచిస్తూనే కమ్మ తీసి 304 బద్ద కొసకి ఆనించింది. అంటలేదు. జారుతూ జారుతూ వంపు దగ్గరికి రాగానే కమ్మ టక్కుమని అతుక్కుంది. వేలితో లాగితే ఊడింది, వదిలితే మళ్లీ పట్టుకుంది. 316 బద్ద వంపు మీద పెట్టింది. కమ్మ జారి కింద పడింది.

ఆమె దాన్ని ఏరి మళ్లీ చెవికి పెట్టుకుంది. ఎప్పుడో చదివిన పాఠం కళ్లముందు నిలబడింది. చదును రేకుగా ఉన్నప్పుడు రెండూ ఒకటే. వంచితే, సాగదీస్తే, సుత్తితో బాదితే 304 లోపలి అమరిక మారిపోతుంది, అయస్కాంతానికి అంటుతుంది. 316లో నికెల్ ఎక్కువ, అది అంత తేలిగ్గా మారదు. వంచకముందు పరీక్షించి, వంచాక వదిలేసే పద్ధతి వల్లే దొంగ రేకు దర్జాగా గేటు దాటింది. ఉప్పూ లేదు, తుప్పూ లేదు. చిన్నోడు అయస్కాంతానికి అంటే ఇనుప ముక్కని వీపున కట్టుకుని అయస్కాంతపు మైన్ దగ్గరికి పోతున్నాడు!

తలెత్తి చూసింది. నెమలి నల్లకళ్లద్దాలు తీసేసింది. ఆ కళ్లలో ఇందాకటి ఆప్యాయత మచ్చుకైనా లేదు.

"నీకీ పాఠం గుర్తుండదనుకున్నానే," అంది నెమలి. "పరీక్షలో నా పేపరు చూసేగా రాశావు."

మరుక్షణం గట్టిగా ఒక్క తోపు తోసింది. పాదరసం గాజు గదిలో పడింది. వెనక తలుపు దడాలున మూసుకుంది. బద్దలూ, బ్యాగూ, ఫోనూ అన్నీ బయటే ఉండిపోయాయి.

"ఎందుకే?" గాజు మీద గుద్దుతూ అరిచింది. "వాడు నీ ఒళ్లో ఆడుకున్నాడే! అక్కా అని నీ కొంగు పట్టుకు తిరిగాడే!"

నెమలి ముఖం ఒక్క క్షణం పక్కకి తిప్పుకుంది. "రెండు పడవల్లో కాళ్లు పెట్టి నిలబడ్డం ఎంత నరకమో నీకు తెలీదు. ఏదో ఒకదాంట్లోకి దూకాలి. వాళ్లు నాకో కొత్త పేరూ కొత్త దేశమూ ఇస్తామన్నారు." గొంతు సర్దుకుంది. "రేకుల్ని డ్రై ఐస్‌లో పడేసి, గడ్డకట్టే చలిలో వంచాం. చల్లగా వంచితే ఇంకా గట్టిగా అంటుతుంది. మైన్‌కి ఎదురుగా ఉన్నంతసేపు ఫరవాలేదు, ప్లేటు వీపు వెనకుంటుంది కదా. పనిముట్ల సంచి కోసం వెనక్కి తిరుగుతాడు చూడు, అప్పుడు. నొప్పి తెలీదులే."

మడమల చప్పుడు టకటకమంటూ దూరమైపోయింది.

* * *

ఉప్పు పొగ కళ్లలో మిరపకాయ పెట్టినట్టు మండింది. ఊపిరి పీలిస్తే గొంతులో కారం. ఆమె తలుపుని భుజంతో గుద్దింది, కాలితో తన్నింది. గాజు మందం చెప్పనలవి కాదు. అరిస్తే వినే నాథుడు లేడు. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది కూడా. పాదరసం ఏడవదని డిపార్ట్‌మెంట్‌లో గొప్పగా చెప్పుకుంటారు. వాళ్లెవరూ అక్కడ లేరు.

"ఒరేయ్ చిన్నోడా, వెనక్కి తిరక్కురా," అని గోడతో చెప్పింది. "తిరక్కురా నాయనా."

అప్పుడు కనిపించాయి తలుపు కీళ్లు. లోపలి వైపే ఉన్నాయి. కీళ్ల మేకుల చుట్టూ గోధుమ రంగు మరకలు, సూది పొడిచినట్టు బెజ్జాలు. ఏళ్ల తరబడి ఉప్పు తాగిన స్టీల్. అది 316 అయ్యుంటే ఇంత పాడయ్యేది కాదు. గది లోపల పెట్టే నమూనాలన్నింటికీ లెక్కగా గ్రేడ్ చూసే మహానుభావులు, ఆ గది తలుపుకి మాత్రం చవగ్గా వచ్చిందేదో కొట్టేశారు!

నమూనాలు వేలాడదీసే కడ్డీని ఒళ్లంతా బలం చేసుకుని ఊడబెరికింది. పై కీలు సందులో దూర్చి వేలాడింది. మేకు విరగలేదు. మళ్లీ వేలాడింది. అరచేతులు చీరుకుపోయాయి, ఆ చీరికల్లో ఉప్పు దిగింది. ప్రాణం పోతుందేమో అనిపించింది. మూడోసారి మేకు పటుక్కున తెగింది. కింది కీలు బాగానే మొండికేసి, చివరికి అదీ ఊడింది. తలుపుతో సహా బయట పడింది ఆమె.

రిసెప్షన్ ఫోన్ లాక్కుని పెద్దాయనకి చెప్పింది. "నెమలి మనది కాదు. వంచిన 304కి అయస్కాంతం అంటుతుంది. గేట్లు మూయించండి." జవాబు వినకుండానే పరుగెత్తింది.

* * *

రేవులో ఇంజన్ ముట్టుకోవడానికి లేదు. తెడ్ల పడవ ఒకటి విప్పుకుని తెడ్లు వేసింది. రక్తం కారే చేతులకి తెడ్డు పిడి అంటుకుపోయింది. నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. అంటే వేళయిపోయింది. దూరంగా డైవింగ్ బోటు. దాని మీద డైవర్‌కి కట్టిన తాడు పట్టుకుని కూర్చున్నాడు బోటు నడిపే సరంగు. తమ్ముడు కనిపించలేదు.

పడవ ఆనగానే సరంగు పెదవుల మీద వేలు పెట్టాడు.

"చప్పుడు చెయ్యకండి మేడమ్," అన్నాడు గుసగుసగా. "దిగిపోయాడు. మైన్ దగ్గరికి చేరాడని ఇప్పుడే తాడు లాగి చెప్పాడు."

ఆమె బోటులోకి ఎక్కేసింది. "ఆపండి. వాడి వీపు మీదున్నది దొంగ ప్లేటు. తిరిగాడంటే పేలుతుంది."

సరంగు తాడు మీద చెయ్యి వేశాడు. "పైకి రమ్మని లాగనా?"

"వద్దు! పైకి రావాలంటే తిరుగుతాడు. కదలకుండా ఉండమని చెప్పడానికి ఎలా లాగుతారు?"

"రెండు పొడుగ్గా."

"లాగండి."

సరంగు లాగాడు. తాడు బిగిసి నిలబడింది. కింద నుంచి బదులు లేదు. విన్నాడో లేదో, సంచి కోసం ఇప్పటికే సగం తిరిగాడో ఏమో! ఆమె బోటులో ఉన్న ప్లాస్టిక్ పలక అందుకుంది. డైవర్లకి నీళ్లలోకి రాతపూర్వకంగా ఏదైనా చెప్పాలంటే దాన్నే తాడు వెంట జారవిడుస్తారు. చీరుకుపోయిన చేత్తోనే రాసింది. 'తిరక్కు. ముఖం మైన్ వైపే ఉంచి మెల్లగా వెనక్కి రా. బాగా దూరం పోయాకే పైకి. అక్క.' సీసపు గుండు కట్టి వదిలింది. తెల్లటి పలక పచ్చటి నీళ్లలో చిన్నదై, ఇంకా చిన్నదై, మాయమైపోయింది.

ఇక చేయడానికి ఏమీ లేదు. ఎన్నో మారువేషాలు, ఎన్నో తుపాకులు చూసిన మనిషి, ఒక తాడు వంక చూస్తూ బొమ్మలా కూర్చుండిపోయింది. నీటి మీద చిన్న బుడగ లేచినా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. వాడు డైవింగ్ నేర్చుకోవడానికి ఒప్పుకున్న తన నోటిని తనే తిట్టుకుంది. వాడు బతికొస్తే ఇంకేమీ అడగనని ఎవరికో చెప్పుకుంది. నీళ్లు కదలడం మొదలైంది. పాటు తిరుగుతోంది.

తాడు ఒక్కసారి కదిలింది. చిన్నగా, లోపల చేప కొరికినట్టు.

"అర్థమైందంటున్నాడు," అన్నాడు సరంగు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

తాడు జానెడు జానెడుగా పక్కకి జరగసాగింది. ఆగింది, మళ్లీ జరిగింది. సరంగు ఊపిరి బిగబట్టి దాన్ని వదులుతూ పోయాడు. చాలాసేపటికి, బోటుకి బాగా దూరాన, నీళ్లు చీల్చుకుని ఒక నల్లటి తల పైకి తేలింది.

బోటులోకి లాగాక చిన్నోడు మాస్క్ తీశాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"సంచి వైపు సగం తిరిగా అక్కా," అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "తాడు లాగారు. ఆగిపోయా. పలక వచ్చేదాకా అలాగే, కొయ్యబొమ్మలా ఉన్నా."

ఆమె వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. వెంటనే కావలించుకుని భోరుమంది. వాడి వీపు మీది ప్లేటు వంపుకి ఆమె కమ్మ అయస్కాంతం టక్కున పట్టేసింది. దాన్ని విడదీయడానికి సరంగు కష్టపడ్డాడు.

* * *

నెమలి గేటు దాటలేదు. పెద్దాయన స్వయంగా వెళ్లి కారు తలుపు తెరిచాడట. ఆమె స్కార్ఫ్ సర్దుకుని, ఆలస్యం చేశారు సార్ అందిట. పాదరసం ఆ కబురు విని, ఆనాటి టిఫిన్ బాక్స్ తలుచుకుని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కానీ మైన్ అలాగే ఉంది. దాన్ని విప్పేవాడూ ఒక్కడే ఉన్నాడు. మర్నాటి పోటుకి చిన్నోడు మళ్లీ దిగాల్సిందే.

"నువ్వు వద్దంటే మానేస్తా అక్కా," అన్నాడు వాడు స్టోర్ బయట నిలబడి. మానెయ్యడని ఇద్దరికీ తెలుసు.

వద్దు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. స్టోర్‌లోకి వెళ్లి, కండెమ్ చేసిన పాత 316 ప్లేటుని వెతికి తీసింది. సుత్తి అడిగి తీసుకుని, వంపు మీదా, అంచుల మీదా, బొబ్బలెక్కిన చేతులతో ఎడాపెడా బాదింది. బాదిన ప్రతిచోటా కమ్మ పెట్టి చూసింది. జారిపోయింది. ఇంకో చోట బాదింది, అక్కడా జారిపోయింది. లోపలున్న భయమంతా తీరాలని బాదింది. అది తీరలేదు, ప్లేటు మాత్రం సొట్టలు పోయింది. అప్పుడు దాన్ని తన చేతులతోనే తమ్ముడి వీపుకి కట్టి, ప్రతి పట్టీ లాగి చూసి, "వెళ్లిరా" అంది.

ఈసారి స్టోర్ కీపర్ పద్ధతి మాట ఎత్తలేదు. ప్రభుత్వ ఆస్తికి పడ్డ సొట్టల కింద మాత్రం, ఎందుకైనా మంచిదని, ఆమె చేత ఒక సంతకం పెట్టించుకున్నాడు.